కొండమీది అంకె

తుఫానక్క ఎవరినీ ఊరికే నమ్మదు. ఆ పేరు ఆమెకు పోయిన నెలలోనే వచ్చింది. "భారీ మంచుతుఫాను వస్తోంది, ఇళ్లలోంచి కదలకండి" అని ప్రాంతీయ వాతావరణ సూచనలో ఆమె రాస్తే, ఊరు ఊరంతా తలుపులు బిగించుకుని కూర్చుంది. తెల్లారి చూస్తే గుమ్మంలో చెప్పులు తడవడానికి కూడా చాలనంత మంచు పడింది. ఆ రోజు నుంచి వీధివాళ్లకు ఆమె తుఫానక్క. పేరు కొత్తదేగానీ అనుమానం మాత్రం పుట్టుకతో వచ్చింది. కొన్న కూరగాయలు ఇంటికి తెచ్చి మళ్లీ తూచుకుంటుంది. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ మెట్లెక్కి లాగి చూస్తుంది. "మా ఆవిడ అద్దంలో కనిపించే మనిషిని కూడా గుర్తింపు కార్డు అడుగుతుంది" అని భర్త నలుగురిలో అంటూ ఉంటాడు. ఆ మాట ఆయన సొంతమా, ఎవరి దగ్గరైనా విన్నాడా అని ఆమెకు అదో అనుమానం.

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి బల్లమీద కొత్త పటాలు పరిచి ఉన్నాయి. చలికాలం ఇక సర్దుకుని వెళ్లిపోతుందనుకుంటున్న రోజులు. పటంలో పడమటి వైపు గాలి ఒత్తిడి గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దగ్గరపడ్డాయి. ఆమె పెన్సిల్ చెక్కుకుని, స్కేలు పెట్టి దూరం కొలిచి, మళ్లీ ఇంకో స్కేలు పెట్టి కొలిచింది. బుధవారం పొద్దుటికి తుఫాను ఈ ప్రాంతం మీదికి వస్తుంది. సందేహం లేదు. ఎంత పడుతుందన్నదే సందేహం.

పెద్దాఫీసరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు. "ఏమ్మా, ఈసారైనా వస్తుందా?"

"వస్తుంది సార్."

"పోయినసారీ అలాగే అన్నావు. కనుమ దారి ఊరికే మూయించామని పైనుంచి నాకు పడిన అక్షింతలు ఇంకా తలమీంచి దులుపుకోలేదు. ఈసారి మూసినా మనమే, మూయకపోయినా మనమే. ఆచితూచి రాయి."

కనుమ దారి సంగతి ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఊరికీ కొండమీది పల్లెకూ మధ్య రెండు గుట్టల సందున పోయే దారి అది. పోయిన నెల గొడవయ్యాక సూచన చూసి మూయడం మానేసి, కొలత చూసే మూస్తున్నారు. తుఫాను రోజున మధ్యాహ్నం మూడు గంటలకు కొండమీది కొలత ఇరవై సెంటీమీటర్లు దాటిందంటే మర్నాటికి కనుమ గేటు మూత. దాటకపోతే తెల్లవారుజామున అయిదింటికి బస్సు బయల్దేరుతుంది, కనుమ దాటి, పల్లెలోని పనివాళ్లను ఎక్కించుకుని ఊళ్లోని మిల్లుకు తిరిగొస్తుంది. అంతా ఆ ఒక్క అంకె మీదే ఉంది. ఆ అంకె చెప్పేది ఒకే ఒక్క ముసలాయన. తుఫానక్కకు అసలు గుచ్చుకునే ముల్లు అదే.

ఆఫీసులో ఆయన్ని కొండంత తాతగారు అంటారు. ఏదైనా కొండంత చేసి చెప్తాడని. రోజూ పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకీ ఆయన ఫోన్ వస్తుంది. రోడ్డుమీద మంచు తీసే మనుషులు అదే పల్లెలో పారతో చూసి పదహారు అంటే, ఈయన ఇరవై నాలుగు అంటాడు. వాళ్లు ఆరు అంటే ఈయన తొమ్మిది. ఒకసారా రెండుసార్లా, ఆరేళ్లుగా ఆమె విడిగా ఒక పుస్తకంలో రాసుకుంటూ వచ్చింది. ఎప్పుడూ ఒకటిన్నర రెట్లు. పత్రికలో రోజూ ఊళ్లవారీగా మంచు అంకెలు పడతాయి కదా, అందులో తన పల్లె పైన కనబడాలని ముసలాయన యావ అని ఆమె తేల్చేసుకుంది. ఆయన్ని అడగలేదు. అడిగితే ఒప్పుకుంటాడా ఎవరైనా? బల్లమీది అద్దం కింద ఒక చీటీ పెట్టింది. "కొండ అంకె: మూడో వంతు తీసెయ్యాలి." ఆరేళ్లుగా ఏ షిఫ్టులో ఎవరు కూర్చున్నా ఆ చీటీ చూసి తీసేస్తున్నారు. మిగిలిందే సూచనలోకి వెళ్తుంది, మిగిలిందే పత్రికలో పడుతుంది.

ఆ సాయంత్రం మరిది ఇంటికొచ్చాడు. కనుమ బస్సు నడిపేది అతనే. బూట్లు విప్పకుండానే గుమ్మంలో నిలబడి మొదలుపెట్టాడు. "వదినా, బుధవారం తుఫానట కదా. గొడుగు తెచ్చుకోనా, లేక పోయినసారిలా నవ్వుకోనా?"

"నవ్వుకో. పళ్లు జివ్వుమంటే నన్నడక్కు."

"అది కాదు వదినా. నువ్వు చెప్పావని బండి ఆపితే డిపోలో నన్ను ఆడుకున్నారు. మీ వదిన తుమ్మితే కూడా సెలవేనా అన్నారు." అతను నవ్వాడుగానీ, నవ్వు ఆగాక అన్నాడు: "గేటు తెరిచి ఉంటే మాత్రం నేను వెళ్లాల్సిందే. తెరిచి ఉన్న గేటు ముందు బండి ఆపానంటే ఉద్యోగం ఊడుతుంది. కాస్త సరిగ్గా చూసి చెప్పు."

అతను వెళ్లాక తలుపు గడియ వేసి, లాగి చూసి, "రేపు నేను కొండమీదికి వెళ్తున్నాను" అంది భర్తతో.

"ఎందుకూ?"

"దొంగని ఇంట్లో ఉండగా చూడాలి."

*

మంగళవారం రోడ్డు శాఖ జీపులో, ముందుగా చెప్పకుండా వెళ్లింది. చెబితే సర్దేసుకుంటాడని. పలచగా మంచు పడుతోంది, రాబోయేదానికి ఇది నాందిలా. పల్లె చివర పెంకుటిల్లు. తలుపు తీసింది ఆయన కోడలు. మిల్లులో పనిచేస్తుంది, ఆ వారం మధ్యాహ్నం షిఫ్టనీ, బుధవారంతో అది అయిపోయి గురువారం నుంచి పొద్దుటి షిఫ్టనీ చెప్పింది. తడిసిన బూట్లు పొయ్యి దగ్గర పెట్టి, టీ ఇచ్చి, "మామయ్యా, ఆఫీసునుంచి ఎవరో వచ్చారు" అని లోపలికి కేకేసింది.

ముసలాయన బక్కగా ఉన్నాడు. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకున్నాడు. "అమ్మాయ్, ఫోన్లో గొంతు నీదేనా? ఇంకా పెద్దదానివనుకున్నాను" అన్నాడు. ఆ మాటకు ఆమె నవ్వలేదు. గదిని కళ్లతో జల్లెడ పడుతోంది. కిటికీలో అలారం గడియారం. మేకుకు వేలాడుతున్న కొలకర్ర. దాని పక్కన వెడల్పాటి రంగుల బ్రష్షు. ముక్కాలిపీట మీద నోటుపుస్తకం.

"ఒకసారి పుస్తకం చూడొచ్చా?"

"మీ ఆఫీసుదేగా, చూడు."

పేజీలు తిప్పింది. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అంకె మీద ఇంకో అంకె దిద్దలేదు. ఇంత శుభ్రంగా ఉందంటేనే ఏదో ఉంది అనుకుంది. లేచి మేకునుంచి కొలకర్ర తీసి, చేతిసంచిలోంచి తన స్టీలు స్కేలు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. కింది కొస ఏమైనా అరగదీశాడేమోనని గోటితో తడిమింది. ముసలాయన కుర్చీలో కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. కోడలు వంటగది గుమ్మంలో ఆగిపోయింది.

"సరిపోయిందా?" అన్నాడాయన కాసేపటికి.

"సరిపోయింది."

పదకొండింటికి అలారం మోగింది. ఆయన లేచి, కోటు వేసుకుని, టోపీ చెవులదాకా లాక్కుని, కర్రా బ్రష్షూ తీసుకుని పెరట్లోకి నడిచాడు. ఆమె ఆయన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వెనకే వెళ్లింది. చూరుకు దూరంగా, చెట్టు నీడ కూడా పడనిచోట తెల్లరంగు వేసిన చెక్కపలక ఉంది. ఆయన గోనెపట్టా పరిచి దానిమీద మోకాళ్లూని, కర్రను మూడుచోట్ల నిలబెట్టి, ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చదివాడు. పెదాలు కదుపుతూ మూడూ కూడి, మూడుతో భాగించాడు. తర్వాత బ్రష్షుతో పలకని ఎడమనుంచి కుడికి, మూలమూలలా, రేణువు మిగలకుండా తుడిచాడు. లోపలికొచ్చి, బూట్లు విప్పకముందే పుస్తకంలో రాశాడు.

తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో వెళ్లాలా అనిపించింది. జీపు ఒంటిగంటకుగానీ రాదు. కూర్చుంది. పన్నెండింటికి అలారం మళ్లీ మోగింది. ముసలాయన మళ్లీ లేచి, కోటు, టోపీ, కర్ర, బ్రష్షు. మళ్లీ కొలిచాడు. మళ్లీ తుడిచాడు.

అప్పుడు తట్టింది ఆమెకు. "తాతగారూ, మీరు గంటగంటకీ తుడుస్తారా?"

"తుడవనా మరి? ముప్ఫై ఏళ్లు మిల్లులో కాపలా కాశాను. గంటకోసారి తిరిగి అన్ని తలుపుల దగ్గరా కాపలా గడియారంలో తాళంచెవి తిప్పాలి, తిప్పకపోతే దాని కాగితం మీద గుర్తు పడేది కాదు. ఆ అలవాటు పోలేదు. అయినా ఆరు గంటలు అలా వదిలేస్తే పడిన మంచు దాని బరువుకి అదే కుంగిపోతుందమ్మా. అప్పుడు కొలిస్తే, కుంగినదంతా పడనట్టేగా? పడిందంతా లెక్కలోకి రావాలి. అందుకని ఎప్పటికప్పుడు కొలిచి, అన్నీ కూడి చెప్తాను."

తప్పు అదే. మంచు కుంగడం కూడా కొలతలో భాగమే, ఆరు గంటలకోసారే పలక తుడవాలన్నది వాతావరణాఫీసు పద్ధతి. గంటగంటకీ తుడిచి కూడితే ఆరు గంటల కొలత ఒకటిన్నర రెట్లవుతుంది. ముసలాయన అబద్ధం చెప్పలేదు. అందరికంటే ఎక్కువ నిజం చెప్పాలని, చలిలో రోజూ గంటగంటకీ మోకాళ్లూని తప్పు చేస్తున్నాడు. ఒక్క ప్రశ్నతో తేలిపోయేదాన్ని ఆరేళ్లు ఆమె అడగలేదు.

లోపలికొచ్చి కూర్చున్నాక ఆమె పద్ధతి వివరించి చెప్పింది. ఆయన కిటికీలోంచి పలకవైపు చూశాడు.

"అయితే ఇన్నేళ్లూ మీకు తప్పు చెప్పానా?"

"అయ్యో, మేం ఆఫీసులో కాస్త సర్దుకుంటూనే ఉన్నాంలెండి" అనేసింది ఆమె, ఆయన బాధపడతాడని.

"సర్దుకోవడమంటే?"

"అంటే... పద్ధతి ప్రకారం."

ఆయన లేచి అలమారలోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. నిండా పత్రిక కత్తిరింపులు, తేదీలవారీగా, నూలుదారంతో కట్టి ఉన్నాయి. "నేను చెప్పే అంకె ఒకటి, పత్రికలో పడే అంకె ఇంకొకటి. అచ్చువేసేవాళ్ల నిర్లక్ష్యం అనుకున్నాను. వాళ్లకి రెండు ఉత్తరాలు కూడా రాశాను, కాస్త చూసుకుని వెయ్యండి బాబూ అని. పాపం, వాళ్లు ఏమనుకున్నారో." డబ్బా మూత మెల్లగా నొక్కాడు.

జీపులో తిరిగొస్తుంటే తుఫానక్కకు తల కొట్టేసినట్టుంది. ఆఫీసుకు వెళ్లగానే ఆ చీటీ తీసి పారేయాలనుకుంది. వెళ్లాక, అద్దం మీద ఫోనూ, పటాల దొంతరా, ఫైళ్లూ అన్నీ ఉన్నాయి. అవన్నీ తీస్తుంటే పెద్దాఫీసరు ఏమిటని అడుగుతాడు. ఆరేళ్లనుంచీ ఏ ఆధారంతో తీసేస్తున్నావని అడుగుతాడు. రేపు చూద్దాంలే అనుకుని, ఇంటికెళ్లి తాళం రెండుసార్లు లాగి చూసుకుంది.

*

బుధవారం తొమ్మిదింటికి తుఫాను చెప్పిన వేళకే దిగింది. కిటికీ అవతల ఎదుటి మేడ కనబడటం మానేసింది. ఆఫీసులో దీపాలు వేశారు. లోయలోని మిగతా కేంద్రాల నుంచి అంకెలు ఒక్కొక్కటే వస్తున్నాయి, ఏడు, తొమ్మిది, పది. తుఫానక్క మూడెప్పుడవుతుందా అని కళ్లలో వత్తులు వేసుకుని గడియారం చూస్తోంది. సరిగ్గా మూడుకు ఫోన్ మోగింది.

"కొండ కేంద్రం," అన్నాడు ముసలాయన. "ముప్ఫై ఆరు."

ఆమె పెన్సిల్ ఆగింది. లోయలో పదికి కొండమీద ముప్ఫై ఆరా? ఆరేళ్లుగా చూస్తున్న అంకెల వాలకం ఆమెకు తెలియనిది కాదు. ఇది గంటగంటకీ తుడిచిన అంకె. నిన్న సరేనన్నట్టే విన్నాడు, ఇవాళ మళ్లీ అలారం పెట్టుకున్నాడు.

"తాతగారూ, ఆరు గంటలకోసారే కొలిచారా?"

అవతల కొంచెంసేపు గాలి హోరు వినిపించింది.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ కొంచెంసేపు ఎందుకు ఆగాడు? నిజం చెప్పేవాడికి ఆలోచించే పనేముంది? ముప్ఫై ఏళ్ల అలవాటు ఒక్క రోజులో పోతుందా అనుకుంది. నిన్నటి సిగ్గంతా ఎక్కడికో పోయింది, దాని జాగాలో పాత అనుమానం కాళ్లు చాపుకుని కూర్చుంది. అద్దం కింద చీటీ ఎలాగూ ఉండనే ఉంది. ముప్ఫై ఆరులో మూడో వంతు, పన్నెండు. తీసేసి ఇరవై నాలుగు వేసింది.

పెద్దాఫీసరు భుజం మీదుగా తొంగిచూశాడు. "ఇరవై నాలుగా? కచ్చితమేనా?"

"తీసేయాల్సింది తీసేశాకే సార్."

"అయితే మూయించక తప్పదు. ఈసారి కూడా చెప్పులు తడవకపోతే, నువ్వూ నేనూ కలిసి మంచు తీసే పనికి వెళ్దాం."

ఆమె డిపోకు ఫోన్ చేసింది. మరిదే ఎత్తాడు. "గేటు మూశారా? అయితే రేపు మధ్యాహ్నందాకా ముసుగుతన్ని పడుకుంటాను వదినా, నీ పేరు చెప్పుకుని" అన్నాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి మరిది ఇంటికి వచ్చాడు. టోపీ తీయలేదు, వేళాకోళం లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గోడకు ఆనుకున్నాడు.

"కనుమలో రెండో మలుపు దగ్గర గుట్టమీది మంచు మొత్తం జారి దారిలో పడిందట వదినా. బస్సు ఎత్తున ఉందంటున్నారు. గేటు దగ్గర కాపలా ఉన్నాయనకి చప్పుడు వినిపించిందట. అయిదూ నలభైకి."

ఆమెకు అర్థంకాలేదు. "అయితే?"

"రోజూ అయిదూ నలభైకి నేను ఆ మలుపులో ఉంటాను."

అతనికి చూపించిన కుర్చీలో ఆమే కూర్చుండిపోయింది. కళ్లమ్మట నీళ్లు వస్తుంటే ఆపుకోలేదు. మరిది వంగి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఇంక నిన్ను ఎవరైనా తుఫానక్క అంటే వాళ్ల పని చెప్తాను" అన్నాడు.

*

రెండు రోజులు ఊరంతా ఆమె గురించే. పెద్దాఫీసరు అందరి ముందూ టీ తెప్పించాడు. కొండమీది కొలత ఇరవై నాలుగని పత్రికలో మొదటి పేజీలో వేశారు. ముసలాయన చెప్పిన ముప్ఫై ఆరు నమ్మి ఉంటే గేటు ఎలాగూ మూసేవాళ్లమే, కానీ అంకె తప్పయ్యేది కదా అని ఆమె లోలోపల మురిసిపోయింది. "చూశారా, అనుమానం ఉండబట్టే" అంది భర్తతో. ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టాడు, ఆమెకు అది ఒప్పుకోవడంలాగే కనిపించింది.

శనివారానికి దారిలో మంచు తీసేశారు. మరిది మొదటి బస్సులో పల్లెకు మూడు రోజుల పత్రికలు కట్టగట్టి తీసుకెళ్లాడు. మంచు జారినప్పుడు తెగిన ఫోను తీగ కూడా అతికించారు. మధ్యాహ్నం ఆమె తనే ముసలాయనకు ఫోన్ చేసింది. మెచ్చుకున్నట్టే మొదలుపెట్టి, మెత్తగా నాలుగు చీవాట్లు వేద్దామని.

"తాతగారూ, కోడలు బాగుందా?"

"బాగుంది. గురువారం పొద్దుటి షిఫ్టు కదా, ఆ బస్సుకే ఎక్కాల్సింది. నువ్వు గేటు మూయించావు, చల్లగా ఉండు తల్లీ."

"మరి అలవాటు మానుకోలేకపోయారు కదా బుధవారం. గంటగంటకీ తుడిచినట్టున్నారు."

"లేదమ్మా. ఆరు గంటలకోసారే కొలిచాను. పుస్తకంలో ఉంది, చదవమంటావా? తొమ్మిది నుంచి మూడు వరకూ, ఇరవై నాలుగు."

ఆమె చేతిలో పెన్సిల్ ఉంది. దాన్ని బల్లమీద పెట్టింది.

"ముప్ఫై ఆరన్నారు కదా నాతో."

"అన్నాను. నువ్వు వెళ్లిన మంగళవారం రాత్రి ఆ కత్తిరింపులన్నీ తీసి, పుస్తకం పక్కన పెట్టుకుని లెక్క చూశాను. పత్రికవాళ్ల తప్పు కాదది. ప్రతిరోజూ సరిగ్గా మూడో వంతు తక్కువ. తప్పు అంత పద్ధతిగా చేయరెవరూ. తీసేస్తున్నది మీరేనని తెలిసింది." ఆయన గొంతులో కోపం లేదు, లేకపోవడమే ఆమెకు భరించరానిదిగా ఉంది. "నా కర్ర పక్కన నీ స్కేలు పెట్టి కొలిచావు, కొసని గోటితో తడిమావు. అంత అనుమానం ఉన్న మనిషి ఒక్క రాత్రిలో మారుతుందని నాకు నమ్మకం కలగలేదమ్మా. ఇరవై నాలుగని చెబితే నువ్వు పదహారు రాస్తావు. పదహారంటే గేటు తెరిచే ఉంటుంది. పొద్దున్నే కోడలు బస్సెక్కుతుంది. అందుకని కలిపి చెప్పాను."

పదహారు. ఆమె మనసులో తీసివేత దానంతటదే జరిగిపోయింది. పదహారు, గేటు తెరిచి ఉంది, అయిదూ నలభై, రెండో మలుపు, స్టీరింగు మీద మరిది చేతులు. అతన్ని కాపాడింది తన లెక్కేనని రెండు రోజులుగా అందరికీ చెప్పుకుంది. కాపాడింది తన అనుమానాన్ని ముందే లెక్కలో వేసుకున్న ఈ ముసలాయన.

"ఇవాళ బస్సులో పత్రికలొచ్చాయి" అన్నాడాయన. "ఇన్నేళ్లకి నా పుస్తకంలో అంకే, పత్రికలో అంకే ఒకటయ్యాయి. నేను అబద్ధమాడిన రోజునే. కత్తిరించి పెట్టుకుందామంటే కూడా చేతులు రాలేదు."

ఆమె అద్దం మీది ఫైళ్ల దొంతర వైపు చూసింది.

"ఇంకో గంటలో మూడవుతుంది అమ్మాయ్. మళ్లీ అంకె చెప్పాలి. ఏం చెప్పమంటావు? పడింది చెప్పనా, కలిపి చెప్పనా?"

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి తాతగారూ."

రిసీవరు కుర్చీలో పెట్టింది. ఫైళ్లు నేలమీదికి దించింది, పటాలు దించింది, ఫోను దించింది. పక్క బల్లవాళ్లు చూస్తున్నారు, పెద్దాఫీసరు గదిలోంచి తల బయటపెట్టాడు. గోళ్లతో అద్దం అంచు లేపి, మోచేత్తో ఆనించి, చీటీ పట్టుకుని లాగింది. ఆరేళ్ల చెమ్మకు అది అద్దానికి కరుచుకుపోయింది. సగం చినిగి చేతిలోకి వచ్చింది, మిగతా సగాన్ని గోకి తీసింది. కాయితం పోయిందిగానీ సిరా అద్దం అడుగున అంటుకుని ఉంది, తన చేతిరాతే, తిరగబడి. బొటనవేలు తడిచేసి రుద్దింది. పోలేదు.

"ఏమ్మా, ఏం పోయింది?" అన్నాడు పెద్దాఫీసరు.

"చెప్తాను సార్. అంతా చెప్తాను" అని ఆమె రిసీవరు ఎత్తింది. "ఉన్నారా?"

"ఉన్నాను."

"పడిందే చెప్పండి. పడినంతే రాస్తాను."

అవతల ముసలాయన బుధవారం ఆగినట్టే ఇవాళా కొంచెంసేపు ఆగాడు. ఈసారి గాలి హోరు లేదు. కిటికీలో అలారం గడియారం టిక్కుటిక్కుమనడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

"సరేనమ్మా," అన్నాడు. "రేపు పత్రిక వచ్చాక చూసుకుంటాను."